డిస్నీ వరల్డ్‌లో తోడు లేకుండా మాన్యువల్ వీల్‌చైర్‌తో తిరగడం ఎలా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ప్రమాదం తర్వాత మూడేళ్లుగా మాన్యువల్ వీల్‌చైర్ వాడుతున్నారు. జూన్ మొదటి వారంలో నాలుగు రోజులు ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి ఒక్కరే వెళ్దామనుకుంటున్నారు. కారు నడపరు. అక్కడి బస్సులు, మోనోరైలు, పడవలు ఎవరి సాయమూ లేకుండా ఎక్కగలనా అన్నది మీ సందేహం. ఇంట్లోవాళ్లేమో ఎలక్ట్రిక్ స్కూటర్ అద్దెకు తీసుకో, లేదంటే ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లు అంటున్నారు.

ఎక్కగలరు. నాకు టి10 (ఛాతీ భాగంలోని పదో వెన్నుపూస) దగ్గర వెన్నెముక గాయం, కుర్చీలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అక్కడికి ఐదుసార్లు వెళ్లాను, అందులో మూడుసార్లు ఒక్కణ్ణే. మొదటిసారి ఒంటరిగా వెళ్లినప్పుడు రెండో రోజు సాయంత్రానికి చేతులు పైకి లేవలేదు. తిరిగిన దూరం ఎక్కువై కాదు, ఎక్కిన ఎత్తులు ఎక్కువై. నడిచేవాళ్లు దారిని నిమిషాల్లో కొలుస్తారు. మనం ర్యాంపుల్లో కొలుచుకోవాలి. చదునుగా ఉన్న అరమైలు నాకు పది నిమిషాల పని, ఒళ్లు కూడా అలవదు. అదే నిటారుగా ఉన్న వంద అడుగుల ర్యాంప్ ఒక్కటి ఎక్కితే ఆ తర్వాత గంట సేపు భుజం గుర్తుచేస్తూనే ఉంటుంది. భుజాలకు రోజుకింత అని కోటా ఉంటుంది. ఉదయమే దాన్ని స్టేషన్ ర్యాంపుల మీద ఖర్చు పెట్టేస్తే రాత్రి బాణసంచా వేళకు గదికి తిరిగి వెళ్లే శక్తి ఉండదు. కింద నేను చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ముందు స్కూటర్ సంగతి తేల్చేస్తాను. అప్పుడప్పుడు మాత్రమే నడవలేని వాళ్లకు అది మంచిదే. మీలా రోజంతా కుర్చీలో ఉండేవాళ్లకు మాత్రం నేను వద్దంటాను. మీ కుషన్ మీ ఒంటికి కుదిరింది. స్కూటర్ సీటు మీద పన్నెండు గంటలు కూర్చుంటే, స్పర్శ తెలియని చోట పుండు పడుతుంటే మీకు తెలియను కూడా తెలియదు. ప్రెషర్ సోర్ ఒకటి వస్తే నెలల తరబడి మంచం మీదే ఉండాలి. భుజాలకు మరీ భయంగా ఉంటే మీ కుర్చీకే వెనక తగిలించుకునే మోటారు చక్రాలు ఉన్నాయి, వాటి గురించి ఆలోచించండి. పార్కు గేటు దగ్గర అద్దెకిచ్చే కుర్చీ కూడా మీకు పనికిరాదు. అది వెడల్పుగా, బరువుగా, వెనక నుంచి ఎవరైనా తోయడానికి తగ్గట్టు ఉంటుంది. పైగా దాన్ని పార్కు దాటించి బస్సెక్కించనివ్వరు.

ఆ చోటు ఎంత పెద్దదో మనసులో పెట్టుకోండి. 1971 అక్టోబర్ 1న మొదలైన ఈ స్థలం సుమారు 40 చదరపు మైళ్లు. మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ అని నాలుగు పార్కులు, ఒకదానికొకటి మైళ్ల దూరంలో ఉంటాయి. అందుకే రవాణా గురించి ముందే ఆలోచించుకోవాలి.

బస్సుతో మొదలుపెడతాను, మీకు ఎక్కువగా అక్కరకొచ్చేది అదే. డిస్నీ హోటళ్ల నుంచి నాలుగు పార్కులకూ ఉచితంగా బస్సులు తిరుగుతాయి, అన్నింటికీ ర్యాంప్ గానీ లిఫ్ట్ గానీ ఉంటుంది. సుమారు ఇరవై నిమిషాలకొకటి వస్తుందని వాళ్లే చెబుతారు. ఒక్కోసారి రెండు వెంట వెంటనే వస్తాయి, ఒక్కోసారి అరగంట చూడాలి. టైముకి చేరాల్సిన పని ఏదైనా ఉంటే నేను గంటన్నర ముందు గది నుంచి బయలుదేరతాను. స్టాపులో వీల్‌చైర్లకు వేరే చోటు గుర్తు పెట్టి ఉంటుంది. అందరితో పాటు మామూలు వరుసలో చేరకండి, నేరుగా అక్కడ నిలవండి.

బస్సు వచ్చాక దిగేవాళ్లు దిగుతారు. డ్రైవర్ మిగతావాళ్లను ఆపి, బస్సును ఒక పక్కకు కిందికి వంచి, ర్యాంప్ వేసి మనల్ని ముందుగా ఎక్కిస్తారు. ర్యాంప్ అంచు ప్లాట్‌ఫారం మీద ఆనిందా, గాల్లో ఉందా అన్నది ఒకసారి చూసుకోండి. గట్టు మీద ఆనితే ఎక్కడం తేలిక. నేల మీదికి వేస్తే నిటారుగా అవుతుంది, అలాంటప్పుడు "ఇంకొంచెం దించగలరా" అని అడగండి. బస్సు ర్యాంప్‌కు ఆరడుగులకు ఒక అడుగు వాలు ఉండొచ్చు. భవనాల్లో అనుమతించే వాలు పన్నెండడుగులకు ఒక అడుగే. అంటే మీరు రోజూ ఎక్కే ర్యాంప్‌కు రెట్టింపు నిటారు. నడుము నుంచి బాగా ముందుకు వంగి, గడ్డం మోకాళ్ల వైపు పెట్టి, ర్యాంప్ మొదలయ్యేలోపే ఊపు తెచ్చుకోండి. మధ్యలో ఆగకండి. వెనక సంచీ తగిలించి ఉంటే దాన్ని ఒళ్లో పెట్టుకోండి. కుర్చీ వెనక్కి తిరగబడడానికి చాలాసార్లు కారణం ఆ సంచీ బరువే. దిగేటప్పుడు నేను వెనక్కి తిరిగి దిగుతాను. మొహం బస్సు వైపు, ఒళ్లు ముందుకు వంచి, రిమ్‌లను (తోయడానికి చక్రాల పక్కన ఉండే రింగులను) అరచేతుల్లో కొద్దికొద్దిగా జారనిస్తూ. అంతకంటే ముందు వెనక ఎవరూ లేరని భుజం మీదుగా చూసుకోవాలి.

లోపలికి వెళ్లాక కుర్చీని కట్టేస్తారు. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా ఉండాలి. వేరే ఊళ్లో, వేరే సిటీ బస్సులో నాకు జరిగింది చెబుతాను. డ్రైవర్ హడావిడిలో పట్టీ కొక్కెం తెచ్చి చక్రం పుల్లలకు తగిలించాడు. నేను చూశాను. వెనక జనం ఎదురుచూస్తున్నారు, ఆయన చెమటలు కక్కుతున్నాడు, ఎందుకులే అని మొహమాటపడి ఊరుకున్నాను. మొదటి పెద్ద మలుపులో పట్టీ లాగింది, రెండు పుల్లలు వంగిపోయాయి. మిగతా రోజంతా చక్రం ప్రతి చుట్టుకీ బ్రేకుకు రాసుకుంటూ టక్ టక్‌మని కొట్టుకుంది. చేతులున్నా కాళ్లు పోయినట్టయింది ఆ రోజు. అప్పటి నుంచి మొహమాటం మానేశాను.

ఆ కొక్కేలు ఫ్రేముకే తగలాలి. చక్రాలకు కాదు, ఊడివచ్చే ఫుట్‌రెస్టుకు కాదు, ఆర్మ్‌రెస్టుకు కాదు. ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు. మన తేలికపాటి కుర్చీలకు వీటి కోసం ప్రత్యేకమైన రింగులు చాలావరకు ఉండవు, డ్రైవర్ ఎక్కడ తగిలించాలో వెతుక్కుంటారు. నేను ఫ్రేము మీద ఆ నాలుగు చోట్లా ఎర్ర రిబ్బన్ చుట్టి పెట్టాను. ఎక్కగానే "నాలుగు ఎర్ర గుర్తులున్నాయండి, వాటికే తగిలించండి" అంటాను. డ్రైవర్‌కు వెతుక్కునే పని తప్పుతుంది, నాకు టెన్షన్ ఉండదు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. బిగించాక కుర్చీని చేతులతో ముందుకూ వెనక్కీ ఒకసారి ఊపి చూడండి. కదిలితే చెప్పండి. మీ కోసం నలభై మంది ఎండలో ఆగి ఉన్నారే అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. అయినా సరే చెప్పండి.

బస్సులో ఇబ్బంది ఇంకొకటి ఉంది. కుర్చీలకు సాధారణంగా రెండు చోట్లే ఉంటాయి. స్కూటర్ మీద వచ్చేవాళ్లు కూడా అవే వాడుకుంటారు. కొన్ని హోటళ్లలో బస్సు లోపలే నాలుగైదు స్టాపులు తిరుగుతుంది. కరీబియన్ బీచ్, కొరొనాడో స్ప్రింగ్స్, ఓల్డ్ కీ వెస్ట్, సరటోగా స్ప్రింగ్స్ అలాంటివి. మీ గది చివరి స్టాపు దగ్గర పడిందనుకోండి, బస్సు మీ దాకా వచ్చేసరికి ఆ రెండు చోట్లూ నిండిపోవచ్చు. పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ లాంటి చోట్ల ఒకటే స్టాపు, అక్కడికి ఖాళీ బస్సే వస్తుంది. అందుకే ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఈ రెంటిలో ఒకటి తీసుకోమని చెబుతాను. వీటి మధ్య చెరువు మీద స్కైలైనర్ (తీగ మీద వేలాడుతూ వెళ్లే గదులు) స్టేషన్ కూడా ఉంది, అది రెండు హోటళ్లకూ ఉమ్మడి. బుక్ చేసేటప్పుడు వీల్‌చైర్‌కు అనువైన గది అడగడంతో పాటు, స్టాపుకు దగ్గరగా ఉన్న భవనం కావాలని కూడా రాయండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. కారులో వచ్చేవాళ్లు మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దాకా రాలేరు. ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ అనే పెద్ద కూడలి దగ్గర దిగి, సరస్సు దాటడానికి మోనోరైలో పడవో ఎక్కాలి. హోటల్ బస్సు మాత్రం ఆ కూడలిని తప్పించి నేరుగా గేటు పక్కనే దింపుతుంది. కారు లేదని మీరు బాధపడుతున్నట్టు రాశారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు సంబంధించినంత వరకు కారు లేకపోవడమే మీకు మేలు.

ఇక మోనోరైలు. దాన్ని చూస్తే నాకిప్పటికీ చిన్నపిల్లాడి సంబరమే. 1971 నుంచి నడుస్తోంది, ఎప్కాట్ లైను 1982లో వచ్చింది. కాంటెంపరరీ హోటల్ భవనం మధ్యలోంచి దూసుకుపోతుంది, ఎప్కాట్‌లో పార్కు లోపలే గాల్లో ఒక చుట్టు తిరుగుతుంది. ఒక్కసారైనా తప్పకుండా ఎక్కండి. కానీ రోజూ ఎక్కవద్దు. ఎందుకంటే పట్టాలు ఎత్తులో ఉన్నాయి కాబట్టి స్టేషన్లూ ఎత్తులోనే ఉన్నాయి, పైకి చేర్చేవి పొడవాటి ర్యాంపులు. వికలాంగుల హక్కుల చట్టం అమెరికాలో 1990లో వచ్చింది. ఈ స్టేషన్లు అంతకు చాలా ముందే కట్టినవి, నేటి కొలతలు చూసుకుని కట్టినవి కావు.

ఆ కూడలి దగ్గర ర్యాంప్ ఎక్కిన మొదటి రోజు నాకు బాగా గుర్తు. కింద నుంచి చూస్తే పెద్దగా అనిపించలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ తోస్తున్నాను. పదిహేనో తోపు దగ్గర చేతి తొడుగు లోపల తడి తెలిసింది. ఇరవై దాటాక ఒక్కో తోపుకీ కుర్చీ బెత్తెడు మాత్రమే కదులుతోంది, రిమ్ వదిలి మళ్లీ పట్టుకునే ఆ అరక్షణంలో వెనక్కి జారుతోంది. పక్కనుంచి పిల్లలు పరిగెత్తుతున్నారు. అప్పుడు కుర్చీని అడ్డంగా తిప్పి, ర్యాంప్‌కు పక్కవాటుగా నిలబెట్టి, బ్రేకు వేసి ఊపిరి పీల్చుకున్నాను. ఈ కిటుకు గుర్తుపెట్టుకోండి. వాలు మీద అలిసిపోతే బ్రేకు వేసి అలాగే పైకి చూస్తూ ఆగకూడదు, కుర్చీని అడ్డంగా తిప్పాలి. అప్పుడు వెనక్కి జారే భయం ఉండదు. అయితే వాలు ఉన్న వైపు వంగకండి, ఒంటి బరువు ఎత్తు ఉన్న వైపుకే పెట్టండి. ర్యాంప్ వెడల్పుగా ఉంటే నిటారుగా ఎక్కకుండా ఈ పక్క నుంచి ఆ పక్కకు ఏటవాలుగా తిరుగుతూ ఎక్కొచ్చు. జనం లేనప్పుడే అది కుదురుతుంది.

దిగడం ఇంకో రకం పరీక్ష. రిమ్‌లను ఒరుసుకుంటూ వేగం ఆపాలి కాబట్టి అరచేతులు కాలతాయి. తోలు తొడుగు లేకుండా ఎప్కాట్ స్టేషన్ ర్యాంప్ దిగవద్దు. గట్టిగా పట్టేసి వదిలి, మళ్లీ గట్టిగా పట్టేయడం కాకుండా మొదటి అడుగు నుంచే ఒకే ఒత్తిడితో జారనివ్వండి.

మోనోరైలు ఎక్కాలనే కోరిక తీరాలి, ర్యాంప్ తప్పాలి అంటే దారి ఉంది. హోటళ్ల దగ్గరున్న స్టేషన్లకు లిఫ్టులున్నాయి. మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు నుంచి కాంటెంపరరీ హోటల్‌కు పది నిమిషాల కాలిబాట ఉంది, మనకు హాయిగా సాగే దారి. అక్కడికి తోసుకుంటూ వెళ్లి, లిఫ్టులో పైకి వెళ్లి, రిసార్ట్ లైను రైలెక్కి పాలినేషియన్‌లోనో గ్రాండ్ ఫ్లోరిడియన్‌లోనో దిగితే సరస్సు చుట్టూ తిరిగినట్టుంటుంది, ఒక్క పెద్ద ర్యాంప్ కూడా తగలదు. ఆ హోటళ్లలో గది లేకపోయినా ఆ రైలు ఎక్కొచ్చు.

రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు ఉంటుంది, సిబ్బంది చిన్న ర్యాంప్ పలక తెచ్చి వేస్తారు. మీరు ఎక్కడ దిగుతారో వాళ్లు అడిగినా అడగకపోయినా చెప్పండి, ఏ పెట్టెలో ఉన్నారో గుర్తుంచుకోండి. దిగాల్సిన చోట పలక వేసేదాకా తలుపు దగ్గర తొందరపడవద్దు. పలక రావడం ఆలస్యమైతే చెయ్యి బయటకు ఊపి పిలవండి, కానీ సందు మీదుగా సొంతంగా దూకించే ప్రయత్నం చేయకండి. ముందున్న చిన్న చక్రాలు సందులో పడితే కుర్చీ ఆగిపోతుంది, మనం ముందుకు వెళ్లిపోతాం. లోపల బ్రేకులు రెండూ వేసి, ఒక చేత్తో స్తంభం పట్టుకోండి.

కూడలి నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్లాల్సి వస్తే నా ఓటు ఎప్పుడూ పెద్ద పడవకే. ఆరు వందల మంది పట్టే పడవ, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఈ చివర ఎక్కి ఆ చివర దిగుతాం, కాబట్టి జనంలో కుర్చీ వెనక్కి తిప్పుకునే బాధ లేదు. కింది అంతస్తులో కుర్చీ నేరుగా వెళ్లిపోతుంది. ముందుకు వెళ్లి అంచు దగ్గర నిలిస్తే సరస్సు గాలి మొహానికి కొడుతుంది, కోట బురుజులు చెట్ల మీదుగా మెల్లమెల్లగా పైకి లేస్తున్నట్టు కనిపిస్తాయి. ఒడ్డు తగిలేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, బ్రేకులు వేసి ఉండండి. దిగేటప్పుడు మాత్రం అందరినీ పోనిచ్చి చివరన దిగండి. ఒడ్డు పలక మీద వెనక నుంచి జనం నెడుతుంటే వేగం మన చేతుల్లో ఉండదు.

స్కైలైనర్ 2019 సెప్టెంబర్ 29న మొదలైంది. తీగ మీద వేలాడుతూ వెళ్లే చిన్న గదులు. కరీబియన్ బీచ్ దగ్గర కూడలి, అక్కడి నుంచి ఒక లైను హాలీవుడ్ స్టూడియోస్‌కు, ఒకటి రివియెరా హోటల్ మీదుగా ఎప్కాట్ వెనక గేటుకు, ఒకటి పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటళ్లకు. నడిచేవాళ్లు మెల్లగా కదులుతున్న గదిలోకి అడుగుపెట్టేస్తారు. అది చూసి భయపడకండి. చాలా స్టేషన్లలో మనకు వేరే దారి ఉంది, గదిని పక్కకు తప్పించి పూర్తిగా ఆపుతారు. గడప దగ్గర సందు దాదాపు ఉండదు. ఎక్కి, బ్రేకులు వేసుకుంటే చాలు, పట్టీల తతంగం లేదు. రెండు పార్కులకు ఇంత సులువుగా, ఇంత తక్కువ భుజబలంతో తీసుకెళ్లేది ఇంకొకటి లేదు. నేను పాప్ సెంచరీ వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే.

దాని లోటు కూడా చెప్పాలి. లోపల ఏసీ లేదు, గాలి కిటికీల్లోంచి రావాల్సిందే. కదులుతున్నంత సేపు బాగుంటుంది, ఆగితే వేడెక్కుతుంది. ఫ్లోరిడాలో జూన్‌లో మధ్యాహ్నం ఉరుములు, మెరుపులు మామూలే, పిడుగుల భయం ఉన్నప్పుడు స్కైలైనర్ ఆపేస్తారు. కాబట్టి ఉదయం స్కైలైనర్‌లో వెళ్లండి, ఆకాశం నల్లబడితే తిరుగు ప్రయాణానికి బస్సు స్టాపు ఎటుందో ముందే చూసి పెట్టుకోండి. ఎప్కాట్‌లో ఇది మరీ అవసరం. స్కైలైనర్ వెనక గేటు దగ్గర దింపుతుంది, బస్సులు ముందు గేటు దగ్గర ఆగుతాయి. వానలో పార్కు ఆ చివర నుంచి ఈ చివరకు తోసుకుంటూ రావడం చిన్న పని కాదు.

ఎప్కాట్ వెనక గేటుకూ హాలీవుడ్ స్టూడియోస్‌కూ మధ్య ఫ్రెండ్‌షిప్ పడవలు తిరుగుతాయి, వాటిలో కుర్చీతో ఎక్కొచ్చు. ఇతర చోట్ల తిరిగే చిన్న లాంచీల మీద ఆశ పెట్టుకోకండి. నీటి మట్టాన్ని బట్టి, పడవ రకాన్ని బట్టి కొన్నింటిలో ఎక్కగలం, కొన్నింటిలో మెట్లుంటాయి. రేవు దగ్గర అడిగి తెలుసుకోవాల్సిందే. యానిమల్ కింగ్‌డమ్‌కు మోనోరైలూ లేదు, పడవా లేదు, స్కైలైనరూ లేదు, బస్సు ఒక్కటే. లోపల నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ఆ పార్కును భుజాలు తాజాగా ఉన్న మొదటి రోజు పెట్టుకోండి.

క్యూలో నిలబడకుండా, చెప్పిన సమయానికి తిరిగి రమ్మనే డిస్ఎబిలిటీ యాక్సెస్ సర్వీస్‌ను వీల్‌చైర్ ఉన్నంత మాత్రాన ఇవ్వరు. మన కుర్చీ చాలా క్యూలలో నేరుగా పడుతుంది. ఇంతకు మించి దాని గురించి ఇక్కడ రాయను, మీరడిగింది ప్రయాణం గురించి.

వేడి గురించి మాత్రం రాయాలి. మీ గాయం ఏ స్థాయిలోనో మీరు చెప్పలేదు. టి6 కన్నా పైన అయితే ఒళ్లు సరిగా చెమట పట్టదు, వేడిని తనంతట తాను దించుకోలేదు. స్టాపులో ఇరవై నిమిషాల ఎండ మిగతావాళ్లకు చికాకు, మీకు ప్రమాదం. నీళ్లు చల్లుకునే స్ప్రే బాటిల్ ఒళ్లోనే పెట్టుకోండి, మొహం, మెడ, చేతులు తడుపుకుంటూ ఉండండి. నీడ లేని చోట కుర్చీ వదిలి వెళ్లే రైడ్ ఎక్కి వస్తే లోహపు రిమ్ పెనంలా కాలుతూ ఉంటుంది. నేను చిన్న తువ్వాలు ఒకటి తెచ్చి రిమ్ మీద కప్పి వెళ్తాను. వాన పడితే మరో తంటా, తడి రిమ్ చేతికి పట్టు దొరకదు. రబ్బరు పూత ఉన్న తొడుగులు ఒక జత, తోలువి ఒక జత తీసుకెళ్లండి. చేతులు తడిగా ఉండగా మాత్రం పెద్ద ర్యాంప్ దిగవద్దు.

బయలుదేరే ముందు టైర్లలో గాలి చూసుకోండి. గాలి కాస్త తగ్గినా రోజంతా ఇసుకలో తోస్తున్నట్టు ఉంటుంది. చిన్న పంపు, ఒక ట్యూబు, మీ కుర్చీ బోల్టులకు సరిపోయే అల్లెన్ కీలు, ఇవి సీటు కింద సంచీలో ఉండాలి. తోసేటప్పుడు చిన్న చిన్న తోపులు గబగబా వేయకుండా పొడవాటి తోపు ఒకటి వేసి, చెయ్యి కిందికి వదిలేసి, కుర్చీ సాగినంత సాగనివ్వండి. వెన్నెముక గాయాల వైద్యులు భుజాల రక్షణ కోసం చెప్పే మాటల్లో ఇదొకటి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ మీద గుర్రపు ట్రాము పట్టాలుంటాయి, చిన్న చక్రం ఆ గాడిలో పడడానికి సరిగ్గా సరిపోతుంది. ఏటవాలుగా దాటకండి, తొంభై డిగ్రీల్లో నిటారుగా దాటండి. బస్సెక్కే ముందు ప్రతిసారీ బాత్రూం పని చూసుకోండి. కట్టేసిన కుర్చీలో, ట్రాఫిక్‌లో, మధ్యలో దిగే వీలుండదు.

రాత్రి తిరుగు ప్రయాణమే రోజు మొత్తంలో కష్టమైన ఘట్టం. బాణసంచా అయిపోగానే వేల మంది ఒక్కసారిగా గేటు వైపు కదులుతారు. కుర్చీలో మన కళ్లు వాళ్ల నడుముల ఎత్తులో ఉంటాయి, ముందు ఎవరు ఆగారో కనపడదు. చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని వెనక్కి నడిచే తండ్రికి మనం కనపడం. బస్సు స్టాపులో కుర్చీలు, స్కూటర్లు ఏడెనిమిది వరుసలో ఉంటే, బస్సుకు రెండు చొప్పున, మీ వంతు రావడానికి గంట పట్టొచ్చు. నాకు రెండే దారులు తెలుసు. బాణసంచా మొదలుకాక ముందే గేటు దగ్గరికి వచ్చి అక్కడి నుంచి చూసి, చివరి రెండు నిమిషాలు వదులుకుని స్టాపుకు చేరడం ఒకటి. జనం పలచబడేదాకా మెయిన్ స్ట్రీట్‌లోనే ఒక గోడ పక్కన కూర్చోవడం రెండోది. నాకు రెండోదే ఇష్టం. అందరూ వెళ్లిపోయాక దీపాల వెలుగులో ఆ వీధి ఖాళీగా ఉంటుంది, పగలంతా జనాన్ని తప్పించుకుంటూ తోసిన చోట తిన్నగా, ధారాళంగా తోసుకుంటూ రావచ్చు. ఆ పది నిమిషాల కోసం నేను మళ్లీ వెళ్తాను.

అలసిపోయిన రాత్రికి ప్రత్యామ్నాయం ఒకటి చేతిలో ఉంచుకోండి. లిఫ్ట్ (Lyft) అనే క్యాబ్ యాప్‌లో దొరికే డిస్నీ వాళ్ల మిన్నీ వ్యాన్‌లలో వీల్‌చైర్ నేరుగా ఎక్కేవి కూడా ఉన్నాయి, ధర ఎక్కువే. మీరు కుర్చీ నుంచి కారు సీటుకు మారగలిగితే మామూలు క్యాబ్ కూడా చాలు, చక్రాలు తీసేసి ఫ్రేము వెనక పెట్టించవచ్చు. మడిచే కుర్చీ ఉందని డ్రైవర్ నిరాకరించడం అక్కడి చట్టం ప్రకారం కుదరదు. అయితే మామూలు క్యాబ్ మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్తే ఆ టికెట్ సెంటర్ కూడలి దగ్గరే ఆగుతుందని మరిచిపోకండి. విమానాశ్రయం నుంచి డిస్నీ ఉచితంగా నడిపిన బస్సు 2022 నుంచి లేదు. డబ్బులు తీసుకునే షటిల్‌లో లిఫ్ట్ ఉన్న బండి కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పాలి, దిగాక అడిగితే గంటలు కూర్చోబెడతారు.

మనుషుల గురించి ఒక మాట. ర్యాంప్ మీద కష్టపడుతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు అడక్కుండా హ్యాండిల్ పట్టుకుని తోసేస్తారు. మంచితనమే, కానీ మన తోపుకూ వాళ్ల తోపుకూ లయ కలవక చేతివేళ్లు పుల్లల్లో పడే ప్రమాదం ఉంది. నేను గట్టిగా "ప్లీజ్, వదిలేయండి, నేనే వెళ్తాను" అని నవ్వుతూ అంటాను. హ్యాండిళ్లు మడిచే రకమైతే మడిచి పెట్టుకోండి. అలాగే నిజంగా సాయం కావాలనిపించినప్పుడు అడగడానికి వెనకాడకండి. అప్పుడు ఏం చేయాలో మీరే చెప్పండి, "ఆ మలుపు దాకా తోయండి, అక్కడ ఆపండి" అని. అలా అడిగినప్పుడు మీరు ఒంటరిగా వెళ్లినట్టు కాకుండా పోదు. ఇంట్లోవాళ్లకు కూడా ఇదే చెప్పండి. ప్రతి బస్సులో డ్రైవర్, ప్రతి స్టేషన్లో సిబ్బంది ఉంటారు, అడవిలోకి వెళ్లడం లేదు.

మీ గాయం స్థాయి, కుర్చీ వెడల్పు, కారు సీటుకు సొంతంగా మారగలరా లేదా, ఈ మూడూ రాయండి. నాలుగు రోజులకూ ఏ పార్కుకు ఏ దారిన వెళ్లాలో, ఏ దారిన తిరిగి రావాలో రోజువారీగా రాసిస్తాను. ఈలోపు గది బుక్ చేసేయండి, వీల్‌చైర్ గదులు తక్కువ, జూన్‌కు త్వరగా అయిపోతాయి. బాత్రూంలో చక్రాల కుర్చీ నేరుగా వెళ్లే షవర్ కావాలా, టబ్బు చాలా అన్నది కూడా అప్పుడే అడుగుతారు. షవర్ అని చెప్పండి.